మీసం మీద మాట పడితే

రైల్వే వాళ్ల లెక్కలో ఆమదాలవలస స్టేషన్ పేరు శ్రీకాకుళం రోడ్. శ్రీకాకుళం పట్నంలోకి రైలు పోదు కాబట్టి పట్నం పేరును పొరుగూరి స్టేషన్ మోస్తోంది. ఊరొకటి, బోర్డు మరొకటి. జిల్లా కుర్రాళ్లు కట్టడం పనులకని హైదరాబాదుకో, చెన్నైకో బయల్దేరేది ఎక్కువగా ఇక్కడి నుంచే. జనరల్ పెట్టెలో కాలు మోపే చోటు దొరికాక వాళ్ల కంటబడే మొదటి తెలుగు వచనం మరుగుదొడ్డి తలుపు మీది స్టిక్కరు. నరాల బలహీనతా? దాంపత్య సుఖం లేదా? ఫలానా లాడ్జిలో ఫలానా తేదీన వైద్యులు దొరుకుదురు.

నవ్వుకుని వదిలేసే రాతే. కానీ మగతనం మీద తెలుగు నేలలో జరిగిన వ్యాపారమంతా ఈ నాలుగు లైన్లలోనే ఉంది. ముందు రోగం అంటగట్టాలి, ఆ తర్వాత మందు చూపించాలి.

ఈ వ్యాపారం కొత్తదేం కాదు. తెలుగు పత్రికకూ మందుల ప్రకటనకూ పుట్టుకతోనే చుట్టరికం. 1893లో అమృతాంజనం పెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు ఆ డబ్బుతోనే 1908లో ఆంధ్రపత్రికను మొదలుపెట్టారు. తలనొప్పి మందుతో వచ్చిన పేచీ ఏమీ లేదు. అయితే అదే కాలంలో దేశమంతటా పత్రికల వెనక పేజీల్లో తలనొప్పి మందు పక్కనే ధాతుపుష్టి లేహ్యాలు, వీర్యవృద్ధి గుళికలు కూడా బారులు తీరాయి. చివరికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడేళ్లకు పార్లమెంటు కలగజేసుకోవలసి వచ్చింది. 1954లో వచ్చిన డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం, లైంగిక శక్తిని పెంచుతామంటూ మందుల ప్రకటన వేయడాన్ని నేరం చేసింది. హమ్దర్ద్ దవాఖానా వాళ్లు అది భావప్రకటన స్వేచ్ఛకు భంగమని సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1959 డిసెంబరులో కోర్టు చట్టంలోని కొన్ని భాగాలను కొట్టేసింది గానీ, ఇలాంటి మందుల ప్రకటన వ్యాపారమే తప్ప రాజ్యాంగం కాపాడే భావప్రకటన అనిపించుకోదని తేల్చింది. చట్టానికి డెబ్బయ్యేళ్లు దాటాయి. స్టిక్కరు మాత్రం తలుపు మీద అలాగే ఉంది.

చట్టం చేయలేని పనిని కొంతవరకు చేసిన మనిషి విజయవాడ వైద్యుడు డాక్టర్ జి. సమరం. నాస్తికవాది గోరా కుమారుడాయన. స్వాతి వారపత్రికలో పాఠకుల ప్రశ్నలకు జవాబులిస్తూ, హస్తప్రయోగంతో నరాలు చచ్చిపోవనీ, మగతనం సీసాలో దొరకదనీ ఏళ్ల తరబడి విసుగు లేకుండా చెప్పుకొచ్చారు. ఇంట్లో పెద్దవాళ్లు ఆ పేజీ మడిచి దాచేవారు, పిల్లలు మడత విప్పి చదివేవారు. తెలుగువాళ్లలో మగతనపు ప్రకటనకు ఎదురు నిలిచిన మొదటి బలమైన గొంతుల్లో అదొకటి. ఊరేగింపు లేదు, నినాదం లేదు. ఒక ప్రశ్న, ఒక జవాబు, మళ్లీ వచ్చే వారం అదే ప్రశ్న.

సిక్కోలు, అంటే శ్రీకాకుళం వైపు మగతనానికి ఇంకో రకం ప్రకటన కూడా ఉండేది, దానికి మందు అక్కర్లేదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి, తర్వాత సర్కస్ కట్టి దేశమంతా తిరిగారు. ఒంటికి చుట్టిన ఇనుప గొలుసులు ఊపిరి బిగించి తెంచడం, కార్లను కదలనీయకుండా ఆపడం, ఛాతీ మీద ఏనుగును ఎక్కించుకోవడం ఆయన ప్రదర్శనలు. జనం కలియుగ భీముడన్నారు. ఆయన శాకాహారి, తన బలానికి ప్రాణాయామమే ఆధారమని చెప్పేవారు. 1942లో పోయారు. శ్రీకాకుళం పట్నంలో స్టేడియానికి ఆయన పేరే ఉంది. నీలో లోపముందని ఆ సర్కస్ ఎవరినీ బెదిరించలేదు. చూసినవాడు చప్పట్లు కొట్టి ఇంటికి పోయేవాడు, భయంతో పోయేవాడు కాదు. అందుకేనేమో, ఆయన మీద ఎవరికీ కోపం రాలేదు.

పొగాకు కంపెనీలు వచ్చాక బలం చూపడానికీ సరుకు అమ్మడానికీ మధ్య ఉన్న ఈ తేడా చెరిగిపోయింది. రెడ్ అండ్ వైట్ సిగరెట్ల కంపెనీ గాడ్‌ఫ్రీ ఫిలిప్స్ 1990లో ఏకంగా సాహసవంతులకు అవార్డులే పెట్టింది. అమెరికాలో మార్ల్‌బొరో గుర్రపు రౌతు ఉండనే ఉన్నాడు. చాలాచోట్ల సిగరెట్టు ప్రకటనలో ఎక్కువగా కనబడినవాడు మీసమో, కండో, వేగమో ఉన్న మగవాడే.

ఆమదాలవలస చుట్టుపట్ల పల్లెల్లో ఈ బొమ్మ పెట్టుకుంటే నవ్వులాటే. ఇక్కడ చుట్ట కాల్చేది ఎక్కువగా ఆడవాళ్లు. అదీ మామూలుగా కాదు, నిప్పు ఉన్న కొనను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. వరి ఊడ్పులప్పుడు, చేపల బుట్ట నెత్తిన ఉన్నప్పుడు రెండు చేతులూ పనిలో ఉంటాయి, నిప్పు గాలికి ఆరదు, బూడిద ఒంటి మీద రాలదు. కారణాలు ఇలా చాలానే చెబుతారు. పెద్ద వయసు అమ్మల నోట్లో చుట్ట వెలుగుతూ ఉండగానే మాట కూడా సాగిపోయేది. అంగిట్లో పుండ్లు, క్యాన్సర్లు ఎక్కువగా కనిపించడంతో డెన్మార్క్ పరిశోధకుడు పిండ్‌బోర్గ్, బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ వారు కలిసి జిల్లా పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగారు. 10,169 మంది నోళ్లు పరీక్షించి 1971లో ఫలితాలు అచ్చువేశారు. తర్వాత శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడకందార్లకు మానమని నచ్చజెప్పే పెద్ద ప్రయత్నం జరిగింది. ప్రకటనల్లో పొగ మగవాడిది. క్యాన్సర్ లెక్కల్లో మాత్రం ఆడవాళ్లున్నారు. 2004 మే 1 నుంచి పొగాకు ప్రకటనలకు దేశంలో అడ్డుకట్ట పడేదాకా, వాటిలో ఈ అమ్మల ఊసే లేదు. వాళ్లకు అమ్మడానికి ఎవరికీ ప్రకటన అవసరం కాలేదు.

సినిమా సంగతి ఇంకో తీరు. 1999లో సమరసింహారెడ్డి, 2001లో నరసింహనాయుడు, 2002లో ఇంద్ర వచ్చాక తొడకొట్టడం, మీసం మెలేయడం పోస్టరు భాష అయిపోయింది. ఆ కథానాయకుడు సీమవాడు కావచ్చు, కోస్తావాడు కావచ్చు. ‘ఏటి బావూ’ అనే సిక్కోలు యాస మాత్రం చాలాకాలం తెర మీద వాచ్‌మన్‌కూ, నౌకరుకూ, హాస్యగాడికే దక్కింది. ఈ జిల్లా వాళ్లు ఎన్నాళ్లుగానో పళ్లు కొరుక్కుంటున్న విషయమిది. ఈ యాసతోనే కథంతా నడిపిన పలాస 1978 తెరకెక్కింది 2020 మార్చిలో. మగతనానికి పోస్టరు మీద ఒక మీసం, ఒక ఠీవి ఉన్నట్టే ఒక యాస కూడా ఉండేదన్నమాట. అది ఆమదాలవలసది కాదు.

పోస్టర్ల మీద కోపం కూడా తెలుగునాట పాతదే. 1974లో హైదరాబాదులో పుట్టిన ప్రగతిశీల మహిళా సంఘం మొదటి రోజుల్లో పట్టుకున్న పనుల్లో వరకట్నంతోపాటు అశ్లీల పోస్టర్లు కూడా ఉన్నాయి. ఆ తర్వాత దశాబ్దాల్లో మహిళా సంఘాలు డబ్బాల్లో నల్ల రంగు పట్టుకుని సినిమా హాళ్ల ముందు నిలబడ్డ సందర్భాలు అనేకం. 1986లో స్త్రీలను అసభ్యంగా చూపడాన్ని నిషేధించే చట్టం వచ్చింది. అయితే ఆ రంగు ఎప్పుడూ పోస్టరులోని ఆడదాని ఒంటి మీద పడింది. పక్కనే ఠీవిగా నిలబడ్డ మగవాడి వైపు బ్రష్షు పోలేదు. బొమ్మలో సగమే తప్పుగా కనబడింది.

మిగతా సగాన్ని చూపించింది ఒక కథానాయిక. 2013 డిసెంబరు. మహేశ్ బాబు కథానాయకుడిగా సుకుమార్ తీసిన ‘1 నేనొక్కడినే’ సంక్రాంతి విడుదలకు సిద్ధమవుతోంది. ప్రచారానికి వదిలిన ఒక పోస్టరులో సముద్రపు ఒడ్డున కథానాయకుడు నడుస్తున్నాడు, వెనక కృతి సనన్ మోకాళ్ల మీద పాకుతూ వస్తోంది. అది ఆమెకు మొదటి సినిమా. ఆ బొమ్మ మనల్ని వెనక్కి తీసుకుపోయేదని కథానాయిక సమంత ట్విట్టర్‌లో రాశారు. సినిమా పేరు ఎత్తలేదు, ఎవరినీ పేరు పెట్టి అనలేదు. అభిమానులకు అరగంట కూడా పట్టలేదు పోల్చుకోవడానికి.

ఆ తర్వాత పడ్డ తిట్లకు అంతూ పొంతూ లేదు. సమంత బయటి మనిషి కూడా కాదు. 2011లో దూకుడులో, అదే 2013 సంక్రాంతికి వచ్చిన సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టులో మహేశ్ సరసన నటించినవారు. ఆమె సినిమాల్లోని దుస్తుల ఫొటోలు వెతికి తెచ్చి నువ్వా నీతులు చెప్పేది అని నిలదీశారు. మహేశ్ బాబు కూడా ఆ వ్యాఖ్య తనకు నచ్చలేదన్న సంగతి దాచుకోలేదు. నటుడు సిద్ధార్థ్ ఆమె పక్షాన మాట్లాడితే ఆయనకూ వడ్డింపు జరిగింది. చిత్రమేమిటంటే, ఇంత గొడవలో పోస్టరు గురించి చర్చ దాదాపు లేదు. ఆ బొమ్మ బాగుందనిగానీ, దానికి కథలో ఫలానా అర్థముందనిగానీ వాదించిన వారు తక్కువ. చర్చంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది: ఇలా అనడానికి ఈమె ఎవరు?

2014 జనవరి 10న సినిమా వచ్చింది, ఆశించినంత ఆడలేదు. 2016లో బ్రహ్మోత్సవంలో సమంత, మహేశ్ మళ్లీ కలిసి నటించారు. పరిశ్రమ మామూలైపోయింది. కానీ ఒక కథానాయిక తన రంగంలోని పెద్ద హీరో పోస్టరును బహిరంగంగా తప్పుపట్టడం ఆ తర్వాత మళ్లీ అంత తేలిగ్గా జరిగింది కాదు. తెలుగునాట మగతనపు ప్రకటన మీద రేగిన దుమారాల్లో దీన్ని ముఖ్యమైనదిగా ఎంచాలంటే కారణం అదే. దుమారం ప్రకటన మీద లేవలేదు. ప్రకటనలో ఏముందో పైకి చదివిన మనిషి మీద లేచింది.

నాలుగేళ్లకు ఇంకో పోస్టరు. 2017 ఆగస్టులో అర్జున్ రెడ్డి విడుదలకు ముందు, నాయికా నాయకులు ముద్దు పెట్టుకుంటున్న పోస్టరును కాంగ్రెస్ సీనియర్ నాయకుడు వి. హనుమంతరావు హైదరాబాదులో ఆర్టీసీ బస్సు మీది నుంచి కెమెరాల ముందే చింపేశారు. ‘తాతయ్యా, చిల్’ అని విజయ్ దేవరకొండ ఫేస్‌బుక్‌లో జవాబిచ్చారు. ఊరంతా నవ్వింది, సినిమాకు కాణీ ఖర్చు లేని ప్రచారం దొరికింది. హనుమంతరావు కోపం ముద్దు మీద. ఆగస్టు 25న సినిమా చూసినవారిలో కొందరికి వచ్చిన కోపం వేరే చోట: ఆ కుర్రాడు అమ్మాయిని అడగకుండానే తనదని ప్రకటించుకోవడం, చెయ్యి చేసుకోవడం మీద. బస్సు మీద చింపాల్సింది ఏదో పెద్దాయనకు తెలియలేదని అనుకోవాలి. మరుసటి ఏడాది దేవరకొండ రౌడీ పేరుతో దుస్తుల వ్యాపారం మొదలుపెట్టారు. అర్జున్ రెడ్డి దర్శకుడు సందీప్ రెడ్డి వంగా ఆ కథనే హిందీలో కబీర్ సింగ్‌గా తీశారు. అది 2019 జూన్‌లో వచ్చింది.

ఆ ఏడాదే, జనవరిలో, అమెరికాలో సరిగ్గా దీనికి తలకిందులైన తంతు నడిచింది. 1989 నుంచి మగవాడికి అందాల్సిన మేలైనది తమ బ్లేడే అని చెప్పుకొచ్చిన జిలెట్, రెండు నిమిషాలలోపు చిత్రం ఒకటి విడుదల చేసి, మగవాళ్లు ఇంకాస్త మంచిగా ఉండగలరు కదా అని అడిగింది. తోటి కుర్రాణ్ణి కొడుతుంటే అడ్డుపడండి, దారినపోయే ఆడపిల్లను అల్లరిపెట్టేవాణ్ణి ఆపండి అన్నది దాని సారాంశం. యూట్యూబ్‌లో మెచ్చినవారికన్నా మెచ్చనివారి లెక్క చాలా ఎక్కువగా తేలింది. గడ్డం గీసుకునే సామాను అమ్మేవాడు మాకు బుద్ధులు చెప్పడమేమిటని మగవాళ్లు మండిపడ్డారు, బహిష్కరణ పిలుపులిచ్చారు. జూలైలో మాతృసంస్థ ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ జిలెట్ విలువను తన పద్దుల్లో 800 కోట్ల డాలర్లు తగ్గించి రాసుకుంటే, ఇదిగో ఫలితం అన్నారు. కంపెనీ మాత్రం డాలరు మారకం రేట్లనీ, మగవాళ్లు గడ్డం గీసుకోవడం తగ్గించడాన్నీ కారణాలుగా చూపింది.

అదే జిలెట్ అదే 2019లో భారతదేశంలో వేరే చిత్రం వేసింది. ఉత్తరప్రదేశ్ పల్లెలో తండ్రి మంగలి దుకాణాన్ని నడిపిన ఇద్దరు అక్కాచెల్లెళ్ల కథ అది. సచిన్ టెండూల్కర్ వెళ్లి వాళ్ల చేత గడ్డం గీయించుకున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇక్కడ కంపెనీ మగవాణ్ణి ఒక్క మాట అనలేదు. ఇద్దరు ఆడపిల్లలను పొగిడి ఊరుకుంది. అంతకుముందే 2015లో జిలెట్ మాతృసంస్థే తన ఏరియల్ సబ్బుపొడికి, బట్టలుతకడం ఒక్క ఆడవాళ్ల పనేనా అని అడుగుతూ ప్రచారం చేసి మెప్పు సంపాదించింది. ఎక్కడ ఎంత గీకితే తెగదో బ్లేడు అమ్మేవాడికి తెలియకుండా ఉంటుందా.

తెలుగువాళ్లకు ఇలాంటి ఉపదేశం కంపెనీ నుంచి రాలేదు. అర్జున్ రెడ్డి దర్శకుడి నుంచే వచ్చింది.

2020 ఏప్రిల్. లాక్‌డౌన్ నాలుగో వారం. సందీప్ రెడ్డి వంగా ఇల్లు శుభ్రం చేస్తున్న వీడియో పెట్టి, ‘బీ ద రియల్ మ్యాన్’ అనే సవాలు విసిరారు. పనిమనిషి రాని ఈ రోజుల్లో ఇంటిపనిలో చెయ్యి వేసి నిజమైన మగవాడు అనిపించుకోవచ్చన్నది ఆయన మాటల సారాంశం. రాజమౌళి ఇల్లు ఊడ్చి, తుడిచి, జూనియర్ ఎన్టీఆర్‌నూ రామ్‌చరణ్‌నూ పిలిచారు. వాళ్లతోపాటు కీరవాణినీ, నిర్మాత శోభు యార్లగడ్డనూ, 1 నేనొక్కడినే తీసిన సుకుమార్‌నూ పిలిచారు. ఎన్టీఆర్ గిన్నెలు తోమి చిరంజీవి, వెంకటేశ్ వంటి పెద్దలను ముగ్గులోకి లాగారు. చిరంజీవి నేల శుభ్రం చేసి, అమ్మకు అట్టు వేసి పెట్టారు. ఒక్క వారంలో తెలుగు మీసాలన్నీ చీపురు పట్టాయి.

ఎవరూ ఆగ్రహించలేదు. అభిమానులు మురిసిపోయారు, పత్రికలు ఫొటోలు వేశాయి. అర్జున్ రెడ్డిని తీసిన చెయ్యే ఈ చీపురు అందిస్తోందేమిటని కొందరు ముక్కు మీద వేలేసుకున్నారు, అంతే. అమెరికాలో ముక్కూ మొహం తెలియని కంపెనీ చెబితే ఒళ్లు మండినచోట, ఇక్కడ తమ హీరోయే చేసి చూపించేసరికి అది సరదా అయింది. రాజమౌళి కూడా ఇంకాస్త సరదా చేద్దాం అనే అర్థంలోనే పిలుపు ఇచ్చారు. ఇందులో ఒక నేర్పు ఉంది: మగవాడికి ఏ తప్పూ అంటగట్టలేదు, పైగా బిరుదు ఇచ్చారు. అయితే ఆ బిరుదుకు గడువు కూడా అందులోనే రాసి ఉంది. పనిమనిషి రాని రోజుల్లో. జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం రోజులో జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు నూటికి 81 మంది, మగవాళ్లు 26 మంది. ఆ చేసే ఆడవాళ్లు దాని మీద గడిపేది 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు. లాక్‌డౌన్ సడలింది, పనిమనుషులు తిరిగి వచ్చారు, వీడియోలు ఆగాయి.

హీరోల బ్రాండ్లు ఎప్పటి దారిన అవి సాగాయి. 2021 చివర్లో మహేశ్ బాబు టైగర్ ష్రాఫ్‌తో కలిసి పాన్ మసాలా బ్రాండు పాన్ బహార్ వారి ఇలాచీ ప్రకటనలో కనిపించినప్పుడు మాత్రం ఆయన అభిమానుల్లోనే కొందరు నొచ్చుకున్నారు. పొగాకు సంస్థ పెద్ద మొత్తం ఇస్తామన్నా అల్లు అర్జున్ ఒప్పుకోలేదని 2022 ఏప్రిల్‌లో వార్తలొచ్చాయి. పోస్టరులో పాకుతున్న అమ్మాయిని చూసి రాని కోపం ఇలాచీ పొట్లం చూసి వచ్చింది. అదీ అభిమానం కొద్దీ వచ్చిన కోపమే.

హైదరాబాదులో హీరోలు చీపురు పట్టి ఒకరినొకరు పిలుచుకుంటున్న ఆ 2020 ఏప్రిల్‌లోనే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు వేలమంది గుజరాత్‌లోని వెరావల్ రేవులో చిక్కుబడి ఉన్నారు. వేట ఆగిపోయింది, ఒడ్డున ఉండే చోటు లేదు, బోట్ల మీదే కాపురం. బోటులో అందరూ మగవాళ్లే. బియ్యం కడిగేవాడూ, చేప కోసేవాడూ, కూర వండేవాడూ, అందరూ తిన్నాక గిన్నెలు తోమి నీళ్లు తోడి పోసేవాడూ వాళ్లలోనే ఒకడు. ఏటా సీజను పొడుగునా అది అలా జరిగేదే. ఆ నెలాఖరున ప్రభుత్వం బస్సులు పెట్టించాక మూటలు సర్దుకుని, వంట గిన్నెలు బోటులోనే బోర్లించి, ఇంటిదారి పట్టారు.